మా దాది పాస్‌పోర్టు లేకుండా తిరిగిన రెండు దేశాలు

గ్రూపులో చాన రోజుల నుంచి చదువుతున్న గానీ, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి.

నేను మొయినాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మాకు దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ గుడి. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చినాక 108. అందుకే మా రూమ్‌లో ఎప్పుడూ ఫారిన్ ముచ్చటే. ఒకరోజు చేవెళ్ల నుంచి బస్సులో వస్తుంటే ఫ్రెండ్ ఒక వీడియో చూపించిండు. స్వీడన్ నుంచి ఫిన్లాండ్‌కు వేల దీవుల మధ్యలోంచి పోయే ఓడ. నడుమ ఆలాండ్ దీవుల దగ్గర ఆగుతది. "దేశం నుంచి దేశానికి ఇట్ల నీళ్ల మీద పోవాలె రా. మీ తాండల ఎవరన్న పోయిండ్రా?" అన్నడు. నవ్వి ఊకున్న.

దసరా సెలవులకు ఇంటికి పోయి ఆ వీడియో మా దాదికి చూపించిన. ఆమెకు 85 పైనే ఉంటయి. చూసి, "గట్ల నేను పోయిన గదా" అన్నది.

మా తాండా నల్లగొండ జిల్లాలో, సాగర్ నీళ్ల ఒడ్డున. దాది చిన్నప్పుడు డ్యాం లేదు. కృష్ణకు ఇవతల నిజాం రాజ్యం, అవతల గుంటూరు జిల్లా, ఇంగ్లీషోళ్ల పాలన. దాది వాళ్ల నాయనతో పుట్టిల కూసొని నది దాటి మాచర్ల సంతకు పోయేదంట. పుట్టి అంటే వెదురుతో గంపలెక్క అల్లి తోలు కప్పిన పడవ. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దార్ రూపాయి. మళ్లొచ్చేటప్పుడు కరోడ్‌గిరి నాకా కాడ సుంకం. "మూట మొత్తం విప్పి చూసేటోళ్లు" అన్నది. పైసలు వేరు, సుంకం వేరు, రాజు వేరు. మరి అవి రెండు దేశాలు కాకపోతే ఏంది?

అవతల ఉన్నది కూడా మనోళ్లే. వాళ్లను సుగాలీలు అంటరు, మనల్ని లంబాడీలు అంటరు. దాది చెల్లెను అవతలి తాండకే ఇచ్చిండ్రు. ఆంధ్ర ప్రాంతంలో మనోళ్లను ముందే ఎస్టీలుగా గుర్తించిండ్రు. తెలంగాణలో 1976 సవరణ చట్టం దాకా ఆగాల్సొచ్చింది. ఒక్క తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెండ్లు, వాళ్ల పిల్లలకు మాత్రం రెండు తీర్ల కాగితాలు. చెల్లె కొడుకు సారు అయిండు. మా పెద్దబాపు పశువుల కాడికి పోయిండు. ఇది గొడవ కోసం రాస్తలేను. నా హాస్టల్ సీటు వెనుక ఏముందో నాకే ఇన్నేండ్లు తెల్వదని రాస్తున్న.

1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేసినప్పుడు కూడా ఇవతల హైదరాబాద్ రాష్ట్రం, అవతల ఆంధ్ర రాష్ట్రం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. అప్పటికే మా పాత తాండా నీళ్ల కిందికి పోయింది.

స్కాలర్‌షిప్ పైసలు కొన్ని ఉంటే దాదిని తీసుకొని పోయిన. బ్రిడ్జి దాటి విజయపురి సౌత్‌లో నాగార్జునకొండ లాంచీ ఎక్కినం. ఇప్పుడు అది ఆంధ్రప్రదేశ్, 2014లో నది మళ్లీ సరిహద్దు అయింది. అందరూ కొండలను ఫొటోలు తీస్తున్నరు. దాది మాత్రం నీళ్లే చూస్తున్నది. నల్లగొండ దిక్కు చెయ్యి చూపి, "మన బావి ఆ మూలకు ఉండె" అన్నది. నేను ఆ దిక్కుకు ఒక ఫొటో తీసిన.

దీవి మీద మ్యూజియం చూసినం. 1954 నుంచి 1960 వరకు ఆ లోయలో తవ్వకాలు చేసి, ఇక్ష్వాకుల నాటి కొన్ని కట్టడాలను ఊడదీసి, పైకి తెచ్చి మళ్లీ కట్టిండ్రు. నేను బోర్డు చదివి చెప్తుంటే దాది విన్నది. "రాళ్లను మంచిగ మోసుకొచ్చిండ్రు బేటా. మనల్ని మాత్రం మీరే నడిచి పోండ్రి అన్నరు" అన్నది. కోపంగా కాదు, మామూలుగానే అన్నది. నాకే నోట మాట రాలేదు.

హాస్టల్‌కు వచ్చినాక ఆ ఫొటో ఫ్రెండ్‌కు చూపించిన. "ఏముంది రా దీంట్ల, నీళ్లే గదా" అన్నడు.

"అది మా ఊరు రా" అన్న.

మీ ఇండ్లల్ల కూడా ముసలోళ్లు ఉంటే కూసొని అడగండి. నది ఎట్ల దాటిండ్రో, ఎందుకు దాటిండ్రో, ఏ ఊరు మునిగిందో రాసిపెట్టుకోండి. మా దాది చదువుకోలే, నేను చదువుకున్న. రాయాల్సింది నేనే.