పెట్రోలు బండి నడపబోయే కుర్రవాళ్ళకు

బ్యాంకులో కూర్చుని లెక్కలు చూసుకునేవాడికి పెట్రోలు ట్యాంకరుతో పనేమిటని మీకు అనిపించవచ్చు. పని ఉంది. మా హొసకోట తాలూకా దేవనగొందిలో నూనె కంపెనీల టెర్మినళ్ళు ఉన్నాయి. మంగళూరు నుంచి 362 కిలోమీటర్ల పైపులైను వచ్చి చేరేది అక్కడికే. అక్కడ ట్యాంకర్లకెక్కిన పెట్రోలు, డీజిలు కోలారు, చింతామణి, ముళబాగిలు వైపు పోతాయి. ఆ బండ్లకు అప్పులిచ్చేది మాలాంటి బ్యాంకులు. నడిపేవాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. వాళ్ళు కంతు కట్టడానికి వచ్చినప్పుడు, టీ చల్లారేదాకా నా బల్ల ముందు కూర్చుని చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివిన బి.కాం.లో ఇవేవీ లేవు.

మొదట లైసెన్సు సంగతి. ఈ పనికి మామూలు హెవీ లైసెన్సు చాలదు. ప్రమాదకరమైన సరుకు మోసే బండి నడపాలంటే 3 రోజుల శిక్షణ తీసుకుని, ఆ అనుమతి లైసెన్సులో రాయించుకోవాలి. 2019 చట్ట సవరణ తర్వాత దాని గడువు 3 ఏళ్ళు. రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఒక భాషా, ఇంగ్లీషూ చదవడం రాయడం వచ్చి ఉండాలని నిబంధన. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది కనుక మనవాళ్ళకు సగం బరువు తగ్గినట్టే. మిగతా సగాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బండికి తగిలించిన పలక మీద 1203 అంకె ఉంటే పెట్రోలు, 1202 ఉంటే డీజిలు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కార్డు క్యాబిన్‌లో ఉంటుంది. ఆ కార్డును ప్రమాదం జరిగిన రోజున మొదటిసారి చదివితే ఏం లాభం?

ఇక నడపడం. నిండు కుండ తొణకదని మన సామెత. ట్యాంకరు డ్రైవర్లకు అది సామెత కాదు, రోజూ నడుముకు తెలిసే సంగతి. ఇటుకల లారీ బ్రేకు వేస్తే ఇటుకలు ఉన్నచోటే ఉంటాయి. సగం నిండిన ట్యాంకులో నూనె అలా ఉండదు. బండి ఆగాక కూడా అది ముందుకు వచ్చి ఒక తోపు తోస్తుంది. మలుపులో పక్కకు పొర్లి బండిని అటే లాగుతుంది. లోపల అడ్డుపలకలు, గదులు ఉన్నాయి కనుక ఆ తోపు తగ్గుతుందే కాని పోదు. పైగా ట్యాంకరు బరువంతా ఎత్తులో ఉంటుంది. అందుకే మలుపులోకి వెళ్ళాక బ్రేకు తొక్కకూడదు, మలుపు రాకముందే వేగం తగ్గించాలి. ఈ బండ్లు గంటకు 60 కిలోమీటర్లు దాటకుండా వేగ నియంత్రణ పరికరం అమర్చాలని నిబంధన ఉంది. దాన్ని పీకించుకుని మురిసిపోయేవాళ్ళను చూశాను. 60 అనేది తిన్నని రోడ్డుకే ఎక్కువ, మలుపులో అయితే చెప్పనక్కరలేదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఖాళీ బండి దగ్గర. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి గాలితో కలుస్తుంది. అంటుకునేది ఆ ఆవిరే. అది గాలి కంటే బరువు, పైకి పోదు. నేల మీద పాకి, కాలువలో దిగి, ఎక్కడో కూర్చుని బీడీ వెలిగించిన మనిషి దాకా పోగలదు. ఖాళీ అయింది కదా అని మూత దగ్గర చిన్న వెల్డింగు పెట్టించడం కంటే మూర్ఖత్వం లేదు. ఆవిరి పూర్తిగా తీసేసి, పరీక్ష చేసి, కాగితం ఇచ్చాకే అలాంటి పని చేయించాలి.

గొట్టంలో నూనె పారుతుంటే కంటికి కనపడని కరెంటు పుడుతుంది. చలికాలంలో నైలాను చొక్కా విప్పుతుంటే చిటపటమంటుందే, అదే. అందుకని ఇంజను ఆపి, గొట్టం తగిలించకముందే ఎర్తింగు క్లిప్పు పెట్టాలి. అన్నీ అయ్యాక, చివర తీయాల్సిందీ దాన్నే. వేసుకునేది నూలు బట్ట అయితే మేలు. నిన్న పెట్రోలు మోసిన గదిలో ఇవాళ డీజిలు నింపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. లోపల పాత పెట్రోలు ఆవిరి ఉంటుంది, పారే డీజిలు ఆ కరెంటు తెస్తుంది.

అన్నట్లు, మనవాళ్ళకు బండి అంటే దేవుడితో సమానం. ఆయుధపూజ నాడు సరే, రోజూ పొద్దున్నే క్యాబిన్‌లో ఊదుబత్తి వెలిగించందే తాళం తిప్పరు. పెట్రోలు బండిలో అది వద్దు. దండం ఇంట్లో పెట్టుకుని రావచ్చు, బండికి పూలు చాలు. దేవుడేమీ అనుకోడు.

కొలతల మాట వస్తే నాకు హుషారు. పెట్రోలు వేడికి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. 12,000 లీటర్ల బండిని మధ్యాహ్నం ఎండలో నింపి, మర్నాడు తెల్లవారుజామున బంకులో కొలిచారనుకోండి. ఈలోగా నూనె 5 డిగ్రీలు చల్లబడితే ఇంచుమించు 60, 70 లీటర్లు తక్కువ కనపడుతుంది. ఎవరూ దొంగిలించలేదు. కాని బంకు యజమాని డ్రైవరు ముఖం వైపే చూస్తాడు. అప్పుడు కోపం తెచ్చుకోకుండా సాంద్రత కొలిపించమనాలి. 15 డిగ్రీలకు సరిచేసిన సాంద్రత చలానాలోని అంకెకు ఘనపు మీటరుకు 3 కిలోల లోపు తేడాలో ఉంటే సరుకు కల్తీ కాలేదని లెక్క. సీలు చెదరకుండా, బండి మధ్యలో ఎక్కడా ఆగకుండా వస్తే మిగతా అనుమానం కూడా తీరుతుంది. దారిలో ఒక క్యాను ఇచ్చిపొమ్మనేవాళ్ళు తగులుతారు. వాళ్ళిచ్చే డబ్బు ఆ రోజు బత్తా కంటే ఎక్కువే ఉండవచ్చు. ఆ ఒక్క క్యానుతో, తర్వాత చలికి తగ్గిన ప్రతి లీటరూ మీ నెత్తినే పడుతుంది.

పోయిన నెల మా వీధి కుర్రవాడొకడు దరఖాస్తు పట్టుకొచ్చాడు. తండ్రి ట్యాంకరు డ్రైవరు, తనూ ఆ పనిలో చేరి నాలుగు నెలలు. సొంత బండి కొనాలట. “కంతు ఎంతైనా కడతాను సార్, రాత్రి కూడా తోలతాను” అన్నాడు. ఆ రెండో ముక్కే నాకు నచ్చలేదు. నెలకు ఇన్ని ట్రిప్పులు కొడితేనే కంతు తెగుతుందని కాగితం మీద రాసుకున్నవాడు నిద్ర వచ్చినా బండి పక్కకు ఆపడు. టైరు అరిగినా మరో నెల లాగిస్తాడు. మా ఫైళ్ళలో ఆదాయానికి ఒక గడి, ఖర్చుకు ఒక గడి ఉంటాయి, నిద్రకు లేదు. టెర్మినలులో వరుస కదలని రోజులు, రిపేరు రోజులు తీసేసి లెక్క వేసి చూపించాను. నెలకు అతను అనుకున్నన్ని ట్రిప్పులు రావు. రెండేళ్ళు జీతానికి నడిపి, కొంత సొమ్ము చేతిలో వేసుకుని రమ్మన్నాను. వాళ్ళమ్మకు నా మీద కోపం వచ్చింది. గుడి దగ్గర కనపడితే తల తిప్పుకుంటున్నది. తండ్రి మాత్రం ఏమీ అనలేదు.

ఇంత చేసినా బండి పడిపోవచ్చు. అవతలివాడు గుద్దవచ్చు. ఆ క్షణంలో డ్రైవరుకు చేతనైతే ఇంజను ఆపి, మాస్టరు స్విచ్చి కట్టేసి, గాలి వచ్చే వైపుకు దూరంగా పోయి 112కు ఫోను చేయాలి. మంట చిన్నదైతే పొడి సిలిండరు వాడాలి. నీళ్ళు పోస్తే పెట్రోలు నీళ్ళమీద తేలి మంటను వెంటబెట్టుకుని పోతుంది. ఆ తర్వాత అసలు భయం మొదలవుతుంది. జనం బిందెలతో వస్తారు. 2017 జూన్ 25న, ఈద్‌కు ముందురోజు, పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర ట్యాంకరు పడితే, కారిన పెట్రోలు పట్టుకోవడానికి పరుగెత్తిన ఊరివాళ్ళు 200 మందికి పైగా మంటల్లో పోయారు. బండి పడినప్పుడు కాదు, అందరూ చేరాక అంటుకుంది.

మా వైపు రోడ్డు మీద ఎవరు పరుగెత్తుకొస్తారో, వాళ్ళది ఏ భాషో తెలియదు. అందుకే ఆ కుర్రవాడి తండ్రి మూడు భాషల్లో కేక నేర్పిస్తాడు. తెలుగులో “దగ్గరికి రావద్దు, అంటుకుంటుంది”. కన్నడంలో “దూర హోగి, బెంకి హత్తుత్తె”. తమిళంలో “పక్కత్తిల వరాదీంగ”. కొత్తగా చేరిన ప్రతి క్లీనరు చేతా, బండి కదలకముందు, గొంతెత్తి ఒకసారి అరిపిస్తాడు.