పాత రోడ్డు గీకి కొత్తది వెయ్యండి

తిరుపతిలో పర్యావరణం అనగానే అందరి చూపూ తిరుమల కొండ మీదికే పోతుంది. తప్పు లేదు. నిత్యాన్నదానానికి ఎండవేడితో ఆవిరి పుట్టించి వండిన చోటది. 2022లో అక్కడ ప్లాస్టిక్ నిషేధం గట్టిగా మొదలైంది, ఆ ఏడాదే ఘాట్ రోడ్డు మీదికి ఎలక్ట్రిక్ బస్సులొచ్చాయి. సింగపూర్‌లో కూర్చుని ఈ కబుర్లు వింటే నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ కొండ కింద ఊరికి ఏం కావాలని అడిగితే మావాళ్ళు ముందుగా ఎత్తేది నీళ్ళ మాటే.

2021 నవంబరు వానలను ఎవరూ మరిచిపోలేదు. శేషాచలం మీద కురిసిందంతా వీధుల్లోకి దిగింది. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఒక ఇల్లు ఏట్లో కూలింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. అదే తిరుపతి ఎండాకాలం వస్తే కల్యాణి డ్యాములో నీళ్ళెన్ని ఉన్నాయి, తెలుగుగంగ నీళ్ళు ఎప్పుడొస్తాయి అని లెక్కలేసుకుంటుంది.

కొర్లగుంటలో ఉండే మా పిన్ని వీడియో కాల్‌లో తన వాకిలి చూపించింది. ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి రెండు మెట్లెక్కి లోపలికి పోవాలి. ఇప్పుడు వీధిలోంచి ఒక మెట్టు దిగాలి. ఎదురింటి వేపచెట్టు మొదట్లో జానెడు మన్ను కూడా మిగల్లేదు, బెరడు దాకా సిమెంటే. "పాతది గీకి కొత్తది ఎయ్యమనండి నాయనా. మీద మీదనే ఏస్తా పోతే నీళ్ళు మా నట్టింట్లోకి రాక యాడికి పోతాయి?" అంది. గోడల వెంబడి రెండడుగుల మన్ను వదలాలని, వీధి మలుపులో ఇంకుడు గుంత తవ్వాలని కూడా ఆమే చెప్పింది. ఊరిని పచ్చగా మార్చే ఆలోచనల్లో ఇంతకంటే సూటిదాన్ని నేను వినలేదు.

చంద్రగిరి వైపు ఉండే మామయ్యది ఇంకో పట్టు. చిత్తూరు సీమ చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మొరవ పారితే కింది చెరువు నిండాలి. నడుమ వంక పూడ్చి ప్లాట్లేస్తే పైన ముంపు, కింద కరువు. అందుకే చెరువు ఒక్కదానికే హద్దురాళ్ళు పాతితే చాలదు, వంకకూ పాతాలంటాడు ఆయన.

నేనుండే ఊరు ఈ పాఠాన్ని బాగా ఖర్చు పెట్టి నేర్చుకుంది. బిషాన్ పార్కు పక్కన కలాంగ్ నదిని ఒకప్పుడు సిమెంటు కాలువలో బిగించారు. 2012 నాటికి ఆ కాలువను పగలగొట్టి, వంపులు తిరిగే ఏరుగా మళ్ళీ మార్చారు. పెద్ద వాన పడితే నీళ్ళు పార్కులోకి పరుచుకుంటాయి, తగ్గాక పిల్లలు అక్కడే ఆడుకుంటారు. తిరుపతికి అంత డబ్బు అక్కర్లేదు. ఉన్న వంకలను పూడ్చకుండా ఉంటే సగం పని అయినట్టే.

నేను అడిగేది ఒకటే. ప్రతి వార్డు సచివాలయంలోనూ ఒక పుస్తకం పెట్టండి. ఏ వీధిలో ఎంత ఎత్తున నీళ్ళు నిలిచాయో, ఎటునుంచి వచ్చాయో అక్కడి ఆడవాళ్ళను, ముసలివాళ్ళను అడిగి రాయండి. ఆ పుస్తకం తిరగెయ్యకుండా ఏ రోడ్డుకూ, ఏ కాలువకూ కొలతలు ఖరారు చెయ్యకండి.