చీర పోయింది, చీటీ మిగిలింది

కాదు పొమ్మనడానికి మన ఇళ్ళల్లో ఒక్క మాట చాలు. బీమా కంపెనీవారికి రెండు పేజీలు కావాలి. మాకొచ్చిన ఉత్తరం ‘గౌరవనీయులైన’తో మొదలై ‘చింతిస్తున్నాము’తో ముగిసింది. ఆ రెంటి నడుమ మా మూడు చీరలూ రెండోసారి మాయమయ్యాయి.

మొదటిసారి మాయమైంది పెనుకొండలో. ఆడపడుచు కూతురి పెళ్ళికని ధర్మవరం వెళ్ళి, మగ్గమున్న ఇంట్లోనే రెండు పట్టుచీరలు తీసుకున్నాం. మూడోది మా అత్తగారి పెళ్ళిచీర. అంచు చిరిగితే ఆ నేతాయన దగ్గరే బాగుచేయించాం. మనవరాలు ఆ చీరలోనే తలంబ్రాలు పోయాలని ఆవిడ కోరిక. హిందూపురానికి తిరిగొస్తుంటే, కూడా వచ్చిన పిన్నిగారు గగనమహల్ చూడాలన్నారు. ఓ అరగంట ఆగాం. వచ్చి చూస్తే సీటునిండా అద్దం పెంకులు. సంచీ లేదు.

1565లో తళ్ళికోట యుద్ధం ఓడాక తిరుమలరాయలు విజయనగరం సొత్తును వందల ఏనుగుల మీద వేసుకుని ఈ పెనుకొండకే చేరాడంటారు. అంత సొత్తు భద్రంగా చేరిన ఊళ్ళో మా గుడ్డసంచీకి దిక్కు లేకపోయింది చూశారా!

ఆ సాయంత్రమే పోలీసులకు ఫిర్యాదిచ్చి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకున్నాం. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇక బీమా సంగతి. కారు బీమా అంటే కారుకే గానీ కార్లోని సామానుకు కాదు. దానికి విడిగా నాలుగు డబ్బులెక్కువ కట్టాలి. కట్టినా, నగలకూ నగదుకూ మామూలుగా అది వర్తించదు. మావారు ఏ కళనున్నారో గానీ, అది కట్టే ఉన్నారు.

అయినా ఎందుకు కాదన్నారయ్యా అంటే, ఒకటి: ఆరోరోజున చెప్పారు. రెండు: చూపించింది చీటీ, బిల్లు కాదు.

మూడోనాడు పెళ్ళి. పిల్లను పీటల మీద కూర్చోబెట్టి, నేను ఓ మూల ఫోను పట్టుకుని ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే నొక్కుతూ కూర్చోవాలా? మీరే చెప్పండి.

“పోనీలేవే, చీరల కంటే నీ స్పీడుపోస్టు ఖర్చే ఎక్కువయ్యేట్టుంది” అన్నారు మావారు. నేను వినలేదు. బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది, ఆలస్యమన్న ఒక్క సాకుతో నిజమైన క్లెయిము తోసెయ్యకండని. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక ట్రాక్టరు దొంగతనం కేసులో అదే అంది: పోలీసులకు వెంటనే చెప్పినవాళ్ళను, కంపెనీకి ఆలస్యంగా చెప్పారని కాదనకూడదని. ట్రాక్టరుకున్న న్యాయం చీరకుండదా?

ఇక చీటీ. చిన్న నేతగాడికి జీఎస్టీ నంబరు ఉండాలని ఎక్కడుంది? ఆయనకు ఫోను చేస్తే, “చీటీ చెల్లదంటే మగ్గమే ఎత్తుకపోయి చూపిస్తా పదమ్మా” అన్నాడు. మగ్గం దాకా పోకుండా, తన చేత్తో ఉత్తరం రాసి సంతకం పెట్టి పంపాడు.

అన్నీ కలిపి కంపెనీకే మళ్ళీ రాశాను. నెల్లాళ్ళు చూసినా జవాబు లేదు. అప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పెట్టాను. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కాదన్న నాటినుంచి ఏడాది లోపల వెళ్ళాలి, అంతే. విచారణ వీడియోలోనే జరిగింది. మధ్యలో కుక్కరు కూస్తుందని పొయ్యి ఆర్పేసి కూర్చున్నాను. అత్తగారు నా పక్కనే. పాత చీర విలువెంతని అడిగితే ఆవిడ ఫోను మీదికి వంగి, “దాని ఖరీదు మా నాయనకి తెలుసు బాబూ. ఆయన మాకెప్పుడూ చెప్పలేదు” అన్నారు.

కొత్త చీరలు రెంటికీ డబ్బివ్వమని తీర్పొచ్చింది. మూడోదానికి మాత్రం చీటీలో ఉన్న మరమ్మతు కూలి ఒక్కటే!

మావారు ఒప్పుకుని సంతకం పెట్టేద్దామంటున్నారు. అత్తగారు ససేమిరా అంటున్నారు. ఆ తీర్పుకు కట్టుబడాల్సింది కంపెనీయే గానీ మనం కాదు. లేదంటే అనంతపురంలో వినియోగదారుల కమిషను ఉండనే ఉంది. రెండేళ్ళ గడువు, అయిదు లక్షల లోపు ఫీజు లేదు. నిన్న బజారుకెళ్ళినప్పుడు అత్తగారి నలుపుతెలుపు పెళ్ళిఫొటో స్టూడియోలో ఇచ్చొచ్చాను, అంచు బాగా కనబడేట్టు పెద్దది చెయ్యమని.