పెయింట్‌బాల్ గన్ కొనే ముందు

సిద్దిపేటలో మా దోస్తులు పెయింట్‌బాల్ గన్‌లు కొందామంటున్నారు. సరదా ఆటకు బ్యాటరీ అక్కర్లేని మెకానికల్ గన్ చాలు. టిప్‌మన్ 98 లాంటివి ఏళ్ల తరబడి నిలబడ్డాయి, విప్పి శుభ్రం చేసుకోవడం తేలిక. 0.68 క్యాలిబర్‌దే తీసుకోండి, ఎక్కువమంది వాడేది అదే. బాల్‌ను తోసే గ్యాస్ ఎక్కడ నింపుతారో కొనకముందే కనుక్కోండి.

ఆ గ్యాస్ సీఓ2 అయితే మన ఎండలకు సిలిండర్‌లో ప్రెషర్ పెరుగుతుంది, దాంతో బాల్ వేగమూ పెరుగుతుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు వేగం కొలవాలి. సెకనుకు 300 అడుగులు దాటొద్దు.

గన్ కొనగా మిగిలిన పైసలు మాస్క్ మీద పెట్టండి. చలువ అద్దాలు, బైక్ హెల్మెట్ పనికిరావు. పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్క్ కావాలి. ఆట అయ్యేదాకా, ఎంత చెమట పట్టినా, మైదానంలో ఎవరూ దాన్ని తీయొద్దు.