ఫోటోలో ఆ చెయ్యి ఎవరిది?

గుర్రప్పందాల గురించి వంటల పేజీల పక్కన రాయడమేమిటని ముక్కున వేలేసుకోకండి. రేసులంటే మనకు తెలిసింది కొంపలు గుల్ల కావడమే. గుర్రప్పందెం ఉత్త అదృష్టం కాదు, నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెప్తే చెప్పింది గానీ, పుస్తెలు తాకట్టు పెట్టినవాడి భార్యకు అందులో నైపుణ్యం ఎక్కడ కనబడుతుందండీ! అయినా నేను రాయబోయేది పందెం కాసేవాళ్ళ గురించి కాదు. ఆ గుర్రానికి తెల్లవారుజామున నీళ్ళు పెట్టేవాడి గురించి.

మాది జనగామ. మా పెద్దమ్మ కొడుకుది మహబూబాబాద్ దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళ కిందట బతుకుతెరువు వెతుక్కుంటూ పట్నం వెళ్ళి, ఒక ట్రైనరు దగ్గర సైసుగా కుదిరాడు. సైసు అంటే గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. మా వదిన పుట్టిల్లు భూపాలపల్లి. గుర్రం బెంగుళూరు వెళ్తే అన్న బెంగుళూరు, పుణే వెళ్తే పుణే. ఇక పిల్ల చదువు ఎట్లా సాగుతుంది? అందుకే అమ్మాయిని అమ్మమ్మ దగ్గర భూపాలపల్లిలో ఉంచి పదో తరగతి దాకా చదివించారు.

ఈ ఎండాకాలం వదిన మా ఇంటికి వచ్చింది. కొంగులో మడిచి తెచ్చిన ఒక ఫోటో నా చేతిలో పెట్టింది. గెలిచిన గుర్రం, దాని మీద జాకీ, పక్కన కప్పు పట్టుకున్న యజమాని, టోపీ పెట్టుకున్న ట్రైనరు. అందరూ నవ్వుతున్నారు. ఇందులో అన్న ఏడీ అన్నాను. వదిన వేలు పెట్టి చూపించింది. కళ్ళెం పట్టుకున్న ఒక చెయ్యి. మోచేతి దగ్గరే ఫోటో అయిపోయింది.

"గా చెయ్యి మీ అన్నదే" అంది. ఇరవై రెండేళ్ళ నౌకరీకి ఇంట్లో ఉన్న రుజువు అదొక్కటే.

ఆ చెయ్యి చేసే పని ఎంతో మీకు చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. గుర్రం ఉండే గది ఊడ్చి, తడిసిన గడ్డి తీసి పొడి గడ్డి పరవాలి. దాణా రాత్రి మిగిల్చిందా, పూర్తిగా తిన్నదా చూడాలి. పసిపిల్ల పాలు తాగకపోతే తల్లికి ముందు తెలిసినట్టే, గుర్రం దాణా వదిలేస్తే డాక్టరు కన్నా ముందు సైసుకు తెలుస్తుందిట. ఆ తర్వాత నాలుగు కాళ్ళూ చేత్తో తడిమి చూడాలి. ఎక్కడైనా వేడిగా తగిలితే లోపల నరం పట్టేసిందేమోనని అనుమానించి ట్రైనరుకు చెప్పాలి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ తీయాలి. మేకులు వదులైన లాడాలు కనిపెట్టాలి. వ్యాయామం నుంచి రాగానే చెమట ఆరేదాకా నడిపించి, కడిగి, తుడిచి, ఒళ్ళంతా మాలీషు చెయ్యాలి. ఐదు వందల కిలోల జంతువు, ఎప్పుడు తన్నుతుందో ఎప్పుడు కరుస్తుందో చెప్పలేం. (ఉలవ గుగ్గిళ్ళు పెడతారా అని అడిగాను లెండి, ఉలవచారు చేసినప్పుడల్లా నాకు అన్నే గుర్తొస్తాడు. ఇప్పటి రేసు గుర్రాలకు ఎక్కువగా వోట్సు, బార్లీ, లూసర్న్ గడ్డీనట.)

"రౌతు కొద్దీ గుర్రం" అంటాం. సైసు కొద్దీ అని ఎవరూ అనలేదు చూడండి!

మన దగ్గర ఈ పందేలు నిన్నా మొన్నా వచ్చినవి కావు. మొదట మౌలాలిలో జరిగేవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారాయి. మా అన్న వాళ్ళ మానుకోటకు మహబూబాబాద్ అనే పేరు కూడా ఆ నవాబు మీదుగానే వచ్చిందంటారు. నూట నలభై ఏళ్ళుగా ఎంతమంది చేతులు ఆ కళ్ళేలు పట్టుకున్నాయో గానీ, పేర్లు ఎక్కడా లేవు.

మిగతా దేశాల్లోనూ ఇంతేనా అని మా అబ్బాయి చేత కంప్యూటర్లో వెతికించాను. ఇంగ్లాండులో ఒక మంచి పద్ధతి ఉంది. పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా నడిపిస్తారు కదా, అప్పుడే ఒకరు వాటిని చూసి అన్నింటికన్నా చక్కగా తయారైన గుర్రాన్ని ఎంచుతారు. ఆ బహుమతి డబ్బు యజమానికి కాదు, దాన్ని తయారుచేసిన మనిషికి. గుర్రం ఆఖరున వచ్చినా సరే! మరొకటి, అక్కడ ఏటేటా గుర్రపుశాలల్లో పనిచేసేవాళ్ళకు అవార్డులిస్తారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకొకటి, ఏళ్ళ తరబడి అంటిపెట్టుకుని ఉన్నవాళ్ళకొకటి, ఇలా. నాకు బాగా నచ్చిందేమిటంటే, పెద్ద బహుమతుల డబ్బులో కొంత గెలిచినవాళ్ళకూ, కొంత వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళకూ వెళ్తుంది. ఒక్కరి చేత్తో అయ్యే పని కాదని వాళ్ళకు అర్థమైందన్నమాట.

స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. దుబాయి పాలకుడు షేక్ మొహమ్మద్ 2003లో పెట్టిన గొడాల్ఫిన్ ఫ్లయింగ్ స్టార్ట్ అనే రెండేళ్ళ శిక్షణ ఉంది. ఏడాదికి పన్నెండు మందిని తీసుకుని ఐర్లాండు, ఇంగ్లాండు, అమెరికా, ఆస్ట్రేలియా, దుబాయి తిప్పి గుర్రాల పెంపకం దగ్గర్నుంచి లెక్కాజమా దాకా నేర్పుతారు. ఖర్చంతా వాళ్ళదే. ప్రపంచంలో ఎవరైనా అడగొచ్చు, కానీ ఇంగ్లీషు ధారాళంగా రావాలి. పదో తరగతి పిల్లకు ఇప్పుడే పనికొచ్చే దారి కాదు. అయినా వదినకు చెప్పాను. చెవిలో వేసుకుంటే పోయేదేముంది?

"ఆడపిల్లకు గుర్రాల పనేంది చెల్లె" అంది వదిన. అప్పుడు చెన్నైకి చెందిన రూపా సింగ్ సంగతి చెప్పాను. మన దేశంలో ఆడవాళ్ళలో మొదటి ప్రొఫెషనల్ జాకీగా పేరు తెచ్చుకున్న మనిషి. మగ జాకీల మధ్య స్వారీ చేసి వందల పందేలు గెలిచింది.

చెన్నై మాట ఎత్తగానే వదిన ముఖం వాడిపోయింది. 2024 సెప్టెంబరులో అక్కడి గిండీ రేసుకోర్సు భూమి లీజును తమిళనాడు ప్రభుత్వం రద్దు చేసి స్వాధీనం చేసుకుంది. ప్రభుత్వం న్యాయం ప్రభుత్వానికి ఉండొచ్చు. వదిన అడిగింది మాత్రం ఇది: "రేపు ఈడ గూడ బందువెడితే మీ అన్న ఇంకో తాన ఏం జూపిచ్చి పనడుగుతడు?" నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళు పనిచేశాడని ఒక కాగితం ముక్కయినా రాయించుకోలేదు. మనమూ అంతే కదా, మొగుడి నౌకరీ కాగితాలు ఏ ట్రంకులో ఉన్నాయో ఎంతమందికి తెలుసు? అన్నకు ఆ రాత్రే ఫోన్ చేసి, ఇన్నేళ్ళుగా ఫలానా పని చేస్తున్నాడని ట్రైనరు గారి చేత రాయించి సంతకం పెట్టించుకోమన్నాను. "అడిగితే ఏమనుకుంటడో" అని నసిగాడు. నెల పట్టింది గానీ తెచ్చుకున్నాడు.

అమ్మాయి సంగతి కూడా ఆలోచించాం. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాస్తే పశువైద్య పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమా చదవొచ్చు. ఆ పైన డాక్టరు చదువే కావాలనుకుంటే వరంగల్ పక్కన మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. భూపాలపల్లి నుంచి బస్సు, జనగామ నుంచీ మహబూబాబాద్ నుంచీ రైలు, ఎటు నుంచైనా వరంగల్ దగ్గరే. ఫీజుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఉంది, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే చేతిలో పెట్టుకోవాలి. ఆ పిల్లకు కుక్కపిల్ల కనబడితే అన్నం అక్కర్లేదు, వద్దనే ప్రశ్నే రాలేదు.

వదిన వెళ్ళేముందు ఇద్దరం పెంబర్తి వెళ్ళాం. మా జనగామ పక్కనే కదా. కాకతీయుల నాటి నుంచీ ఇత్తడి పనికి పేరున్న ఊరు, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎవరెవరికో ఇచ్చే షీల్డులన్నీ అక్కడ తయారవుతుంటే మా అన్నకొకటి ఎందుకు ఉండకూడదు? చిన్నది చేయించాం. పనాయన పేరు రాసుకుని, కింద ఏం చెక్కాలమ్మా అన్నాడు. వదిన నా వంక చూసింది, నేను వదిన వంక చూశాను.

"సైసు, ఇరవై రెండేండ్లు అని రాయుండ్రి" అంది. గుర్రం బొమ్మ వెయ్యాలా అంటే, "ఎయ్యుండ్రి, గని ఆయన పేరు కన్న చిన్నగుండాలె" అంది.

అమ్మాయి పాలిసెట్ రాసింది, ర్యాంకు వచ్చింది. సీటు సంగతి ఇంకా తేలలేదు. తేలాక మీకు రాస్తాను.