ఆరు కోర్లు, ఐదుగురు మనుషులు

2023 సెప్టెంబరు 27న కౌంటర్‌స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ పోయి, దాని స్థానంలో కౌంటర్‌స్ట్రైక్ 2 వచ్చింది. ఆట ఉచితమే. కానీ పాతది ఉంచుకుని కొత్తది వద్దనుకునే వీలు ఇవ్వలేదు. ఒక్క అప్‌డేట్‌తో పాత ఆట వెళ్ళిపోయింది. ఆ ఆట మీద వచ్చిన సమీక్షలన్నీ పొగ మేఘాలు ఎంత సహజంగా కదులుతున్నాయో, నీళ్ళు ఎంత బాగా మెరుస్తున్నాయో చెప్పాయి. విజయనగరంలో నా మేడమీది గదిలో ఆ పొగ కదలడం లేదు. ఐదారు ముక్కలుగా ఆగి ఆగి వస్తోంది. మలుపు తిరిగేసరికి అవతలివాడు నన్ను కాల్చేసి వెళ్ళిపోయి ఉంటున్నాడు.

ఆటే కదా, మానేస్తే పోలేదా అంటారు. అమ్మ కూడా అదే అంది. కానీ ఆ ఆట మాకు రచ్చబండ. ఇంజనీరింగులో కలిసిన ఐదుగురం మేం. ఒకడు బెంగుళూరు, ఒకడు హైదరాబాదు, ఒకడు చెన్నై, ఒకడు ఖతార్. ఊళ్ళో మిగిలింది నేనొక్కణ్ణే. శనివారం రాత్రి పదిన్నరకి ముంబై సర్వర్లో కలుస్తాం. జీతాలు, సంబంధాలు, అమ్మానాన్నల షుగరు, బీపీలు అన్నీ అక్కడే మాట్లాడుకుంటాం. మధ్యలో తుపాకులు పేలుతుంటాయి, అంతే. కౌంటర్‌స్ట్రైక్ జట్టుకి కావలసింది సరిగ్గా ఐదుగురు. ఒకడు తగ్గితే ఎవడో తెలియనివాడు వచ్చి చేరతాడు. వాడి ముందు మనింటి షుగరు గురించి మాట్లాడలేం.

నాది 2018 నాటి కంప్యూటర్. రైజెన్ 5 1600 ప్రాసెసరు, బీ350 మదర్‌బోర్డు, పదహారు జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. కొత్తలో రాజాలా నడిచింది. ఇప్పుడు లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. దానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఆటలో రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి చూడాలి. ఫ్రేములు బాగా పెరిగితే గ్రాఫిక్స్ కార్డు అలసిపోయినట్టు. ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసరే అడ్డం. నావి యాభై దగ్గరే ఉండిపోయాయి. గ్రాఫిక్స్ కార్డు సగం ఖాళీగా కూర్చుని ప్రాసెసరు వైపు చూస్తోందన్నమాట.

ఇంకో దెబ్బ మైక్రోసాఫ్ట్ వైపు నుంచి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్ల జాబితాలో మొదటి తరం రైజెన్‌లు లేవు. పగలు ఇదే కంప్యూటర్ మీద ఇంటినుంచి ఉద్యోగం చేసుకునేవాణ్ణి నేను. ఆట సంగతి అటుంచినా, భద్రతా అప్‌డేట్లు రాని మెషీను మీద ఆఫీసు పని చేయడం కుదరదు.

కొత్తగా కొనాలంటే బోర్డు, ప్రాసెసరు, డీడీఆర్5 ర్యామ్ మూడూ మార్చాలి. లెక్క వేస్తే ముప్పై వేలు దాటింది. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరికి ర్యామ్ ధరలు చెట్టెక్కి కూర్చున్నాయి. నా దగ్గరున్నది పదివేలు. అది కూడా సిరిమానోత్సవం వెళ్ళాక ఇంటి ఖర్చులు పోను మిగిలింది.

నన్ను కాపాడింది ఒక సాకెట్. ఏఎం4 అంటారు. ప్రాసెసరు అడుగున 1331 సన్నని పిన్నులు, బోర్డు మీద వాటికి సరిపడా 1331 బొక్కలు. 2017లో మొదటి రైజెన్‌లు దీనిమీదే వచ్చాయి. 2020 దాకా ఇదే సాకెట్ వాడతామని ఏఎండీ మాటిచ్చింది. అప్పట్లో ఇంటెల్ వైపు చూస్తే, పిన్నుల లెక్క మారకపోయినా 2017 చివర్లో వచ్చిన ఎనిమిదో తరం చిప్పులకి కొత్త బోర్డు కొనాల్సి వచ్చింది. అలాగని ఏఎండీ మాట కూడా తిన్నగా సాగలేదు. 2020లో, రాబోయే చిప్పులు 400 వరుస బోర్డుల మీద కూడా నడవవని ప్రకటించింది. కొన్నవాళ్ళు గోల చేశారు. కొద్దివారాల్లోనే వెనక్కి తగ్గింది. మావి ఇంకా పాతవి, 300 వరుస. వాటికి ఆ భాగ్యం దక్కడానికి 2022 రావలసి వచ్చింది. అదే ఏప్రిల్లో రైజెన్ 5 5600 విడుదలైంది. నా బడ్జెట్లోకి వచ్చింది అదే.

పాతదానికీ ఆరు కోర్లే, దీనికీ ఆరే. మరి తేడా ఏమిటి? ఇంట్లో ఆరుగురు వంట చేస్తున్నారనుకోండి. 1600లో ముగ్గురు ఒక వంటింట్లో, ముగ్గురు ఇంకో వంటింట్లో. ఒక్కో వంటింటికి ఎనిమిది ఎంబీల పోపులపెట్టె. పక్క వంటింట్లో ఉన్న ఆవాలు కావాలంటే వరండా దాటి వెళ్ళి తెచ్చుకోవాలి. 5600లో ఆరుగురూ ఒకే వంటింట్లో, మధ్యలో ముప్పైరెండు ఎంబీల పెట్టె. ఆటలకి ఈ పెట్టే ప్రాణం. వంటవాళ్ళ చెయ్యి కూడా ఇప్పుడు వేగం, అది వేరే సంగతి.

సికింద్రాబాద్ సీటీసీలో పని ఉన్న హైదరాబాదువాడు చిప్పు తెచ్చిపెట్టాడు. అమ్మ అట్టపెట్టె విప్పి, అరచేతిలో సగం కూడా లేని ఆ ముక్కని చూసి "ఏట్రా, ఈ బిళ్ళకి పదేలా? బావుంది సంబడం" అంది.

బిళ్ళ పెట్టేముందు బోర్డుకి దాన్ని గుర్తుపట్టడం నేర్పాలి. అంటే బయోస్ అప్‌డేట్. పాత చిప్పు ఉండగానే చెయ్యాలి. ఐదారు నిమిషాల పని, కానీ మధ్యలో కరెంటు పోతే బోర్డు రాయిలా మిగలొచ్చు. మాది కరెంటుని నమ్మే ప్రాంతం కాదు. హుద్‌హుద్ చూశాం, తిత్లీ చూశాం. గాలి లేనిరోజు చూసుకుని, ఇన్వర్టర్ లైనుకి తగిలించి, ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యానులు ఆపి కూర్చున్నాను. ఈ బోర్డుల్లో చాలావాటికి బయోస్ దాచుకునే చోటు పదహారు ఎంబీలే. ఇన్ని తరాల చిప్పుల వివరాలు అందులో పట్టక, తయారీదారులు బాగా పాతవాటి మద్దతు తీసేసి కొత్తవాటికి చోటిచ్చారు.

తర్వాత విప్పడం. ఏడేళ్ళ పేస్టు ఎండి జిగురులా పట్టి ఉంటుంది. కూలర్ని నిటారుగా లాగితే ప్రాసెసరు కూడా సాకెట్లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే ముందు ఇరవై నిమిషాలు ఆట ఆడి దాన్ని వేడెక్కించాలి. ఆపేశాక మరలు తీసి, కూలర్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చెయ్యాలి. కొత్త చిప్పుని మూలనున్న బంగారు త్రికోణం గుర్తు చూసి పెడితే దాని బరువుకి అదే దిగుతుంది. నొక్కకూడదు. ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు. ఆ రాత్రి యాభై ఫ్రేములు కాస్తా వంద దాటాయి. విండోస్ 11 కూడా మారుమాట్లాడకుండా ఎక్కింది.

ఆ శనివారం నా ఆట చూసి బెంగుళూరువాడు "ఎవర్రా నువ్వు?" అన్నాడు. కానీ మేం నలుగురమే. ఖతార్ వాడికి రాత్రి షిఫ్టులు పడ్డాయి. మూడునెలలుగా రావడం లేదు.

వాడిది ఉద్దానం, పలాస దగ్గర. 2018 వేసవిలో మేమిద్దరం ఒకే రోజు విశాఖ ద్వారకానగర్లో కంప్యూటర్లు కొన్నాం. డబ్బు చాలక వాడు రైజెన్ 3 1200 తీసుకున్నాడు, నాలుగే కోర్లు. "కొబ్బరికాయల డబ్బులొస్తే మార్చేద్దాం, సాకెట్ ఒకటే కదా" అన్నాడు. ఆ అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. వాళ్ళ కొబ్బరిచెట్లు, జీడితోట నేలకొరిగాయి. కొబ్బరి మొక్క మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పులు అన్నేళ్ళు ఆగవు. చదువవగానే వాడు విమానమెక్కేశాడు. కంప్యూటర్ తమ్ముడికి వదిలేశాడు.

నా పాత 1600ని అమ్మితే వెయ్యో, రెండువేలో వచ్చేది. దాన్ని ఓ ప్లాస్టిక్ పెట్టెలో పెట్టుకుని ఆదివారం పలాస పాసింజరెక్కాను. ఆ సాకెట్టే, ఆ పిన్నులే. ఈ బోర్డుకి బయోస్ గొడవ కూడా లేదు, అది పుట్టినప్పటినుంచీ తెలిసిన చిప్పే. విండోస్ 11 రాదు కాబట్టి తమ్ముడికి లినక్స్ ఎక్కించాను. కౌంటర్‌స్ట్రైక్ 2 దానిమీద కూడా నడుస్తుంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి "ఈ సిన్న బిళ్ళకోసం అంత దూరం నుంచి ఒచ్చినావా బాబూ?" అంది. వచ్చేటప్పుడు కిలో జీడిపప్పు సంచిలో పెట్టేసింది. వద్దంటే వినలేదు. తోటలో తుపాను తర్వాత పెట్టిన కొబ్బరి మొక్కలు నా తల దాటాయి.

మరుసటి శనివారం పదిన్నరకి ఖతార్ వాడి పేరు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. అందరం ఒక్కసారిగా "ఒరేయ్" అన్నాం. అటునుంచి వాడి తమ్ముడి గొంతు, కొంచెం భయంగా: "నేనండీ. అన్న ఖాతాలోంచే వచ్చాను. నాకు ఆట సరిగ్గా రాదు."

పర్లేదు, నా వెనకే ఉండమన్నాను. పదహారు రౌండ్లలో పదమూడు ఓడిపోయాం. ఆట మధ్యలో హైదరాబాదువాడు మీ అమ్మకి బీపీ ఎలా ఉందిరా అనడిగాడు. ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పాం.