ఒత్తు ‘ధ’ తెచ్చిన తంటా

2022లో ఒక ఆదివారం. మా హోసూరులో పిల్లలకు తెలుగు క్లాసు మొదలుపెట్టి అప్పటికి నాలుగు వారాలు. పదకొండుమంది పిల్లలు, ఒక బోర్డు, చాక్‌పీసు పట్టుకుని నేను. ‘విధ్యార్థి’ అని గుండ్రంగా, అందంగా రాశాను. పిల్లవాణ్ణి తీసుకుపోవడానికి వచ్చి వెనకాల నిలబడిన ఒకాయన, గుంటూరు వైపునుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చినవారు, మర్యాదగానే అన్నారు: “మేడం, అక్కడ ఒత్తు ‘ధ’ రాదండి. మామూలు ‘ద’కే యవత్తు.”

దిద్దాను. నవ్వాను కూడా. ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపలే మా ఆయనతో “ఇంక నేను ఆ క్లాసుకు పోను” అనేశాను.

ఆయన తప్పేమీ అనలేదని నాకూ తెలుసు. బాధ అది కాదు. ఎప్పటికైనా ఎవరో ఒకరు వచ్చి “ఈమెకు తెలుగు రాదు” అని చెప్పేస్తారని నేను ఎదురుచూస్తూ ఉన్నాను. ఆ మనిషి ఆవేళ రానే వచ్చాడు అనిపించింది, అంతే.

మా కథ మీలో చాలామందికి తెలిసినదే. ఎన్ని తరాల కిందట ఈ పక్కకు వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, సంతలో కన్నడం. నన్ను మా నాన్న తమిళ మీడియంలో వేశారు, ఉద్యోగం దొరుకుతుందని. దొరికింది కూడా. తెలుగు అక్షరాలు మాత్రం పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. మా అత్తమ్మది కుప్పం పక్క పల్లె. ఆమెకు చూపు తగ్గింది, వారపత్రిక సీరియల్ లేకుంటే పొద్దుపోదు. నా చేత కూడబలుక్కుని చదివించుకునేది. తప్పు చదివితే “ఊఁ, మళ్ళా” అనేది. అదే నా బడి.

తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని నాలాంటివాళ్ళలో రెండు రకాలు. కొందరు ఒత్తులన్నీ వదిలేసి ‘బోజనం’, ‘దనం’ అని రాస్తారు. కొందరు ఎక్కడ వదిలేస్తామో అన్న భయంతో అక్కరలేని చోట కూడా ఒత్తు పెడతారు. నేను రెండో రకం.

రెండు ఆదివారాలు తలనొప్పి పేరు చెప్పి క్లాసు ఎగ్గొట్టాను. కార్యదర్శిగారు ఫోను చేసి “అక్కా, పిల్లకాయలు అడుగుతా ఉండారు” అన్నా ఏదో సాకు చెప్పాను.

అప్పుడే బెంగళూరునుంచి మా అమ్మాయి వచ్చింది. ఊరు నలభై కిలోమీటర్లే అయినా అది వచ్చేది నెలకొకసారి. దాని సంచిలో జపాను బొమ్మల కథల పుస్తకాలు, ఇంగ్లీషులోకి అనువదించినవి. వాటిని ‘మాంగా’ అంటారట. పొద్దుపోక ఒకటి తీసి మొదటి పేజీ తెరిస్తే అక్కడ కథ అయిపోయి ఉంది! అమ్మాయి పకపకా నవ్వి, “అమ్మా, ఆ పక్కనుంచి కాదు, ఈ పక్కనుంచి చదవాల” అంది. కుడినుంచి ఎడమకు చదవాలట. ఈ వయసులో పుస్తకం పట్టుకోవడం కూడా కొత్తగా నేర్చుకున్నాను.

ఆ పుస్తకం పేరు ‘మేజాన్ ఇక్కోకు’. రాసి బొమ్మలు వేసింది రూమికో తకహాషి అనే ఆవిడ. జపానులో 1980 నుంచి 1987 దాకా సీరియల్‌గా వచ్చింది. ప్రేమకథే, హాస్యకథే. ఒక పాత అద్దె ఇల్లు. అందులో గోదాయ్ అనే కుర్రవాడు, యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పి మళ్ళీ కట్టుకుంటున్నవాడు. పక్క గదులవాళ్ళు రాత్రిళ్ళు అతని గదిలోకే వచ్చి తాగి పాటలు పాడుతూ చదువుకోనివ్వరు. ఆ ఇంటికి మేనేజరుగా క్యోకో అనే చిన్న వయసు వితంతువు వస్తుంది. ఇతను మనసిచ్చేస్తాడు. కానీ తన దగ్గర ఏముంది? ఎవరికీ తెలియని కాలేజీ, ఖాళీ జేబు. పోటీకి ఒక టెన్నిస్ కోచ్ ఉన్నాడు, ధనవంతుడు, నవ్వితే పళ్ళు తళుక్కుమంటాయి. (ఆ మహానుభావుడికి కుక్కంటే వణుకు. అక్కడ నాకు నవ్వాగలేదు.)

అయితే అసలు పోటీ అతను కాదు, క్యోకో చనిపోయిన భర్త. తన కుక్కకు ఆమె ఆయన పేరే పెట్టుకుంది. తమాషా ఏమిటంటే, ఇంత పెద్ద కథలో ఆ భర్త ముఖం మనకు ఒక్కసారి కూడా కనబడదు. కనిపించని మనిషితో తనను పోల్చుకుని గోదాయ్ ఏళ్ళ తరబడి కుంగిపోతూ ఉంటాడు. పైగా ఆ భర్త ఒకప్పుడు పాఠం చెప్పిన బడిలోనే ఇతను ట్రైనింగు టీచరుగా బోర్డు ముందు నిలబడాల్సి వస్తుంది. ఆ ఘట్టం చదివి పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నేను పోల్చుకునే ఆ ‘అసలు తెలుగు టీచరు’ ఎవరు? కృష్ణా ఒడ్డున పుట్టి, ఒక్క ఒత్తు కూడా తప్పకుండా, పద్యాలు గడగడా అప్పజెప్పే ఒకావిడ. ఆవిడను నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడకూ ముఖం లేదు!

అమ్మాయితో ఈ మాట అంటే, “దానికి పేరుంది అమ్మా, ఇంపోస్టర్ సిండ్రోమ్” అంది. 1978లో అమెరికాలో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని గురించి రాశారట. బాగా చదువుకుని పైకొచ్చిన ఆడవాళ్ళు కూడా తమకు ఆ అర్హత లేదనీ, ఎప్పుడో దొరికిపోతామనీ లోలోపల భయపడటం. పేరు తెలిస్తే కొంచెం ఊరట. పేరు తెలిసినంత మాత్రాన ఒత్తులు రావు కదా!

గోదాయ్‌కి కూడా ఏదీ ఒక్కసారిగా రాలేదు. క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ, ఆ సందట్లోనే చదువుకుని, చివరికి పసిపిల్లల బడికి టీచరయ్యాడు. గొప్పవాడేం కాలేదు. ఆ పనికి తగినవాడయ్యాడు.

నేను మూడో ఆదివారం క్లాసుకు వెళ్ళాను. మొదట పిల్లలతో “పోయినసారి నేనొక మాట తప్పు రాసినాను” అని చెప్పి, తప్పూ ఒప్పూ పక్కపక్కన రాశాను. గొంతు వణికింది. ఒక బుడత “టీచరుకూ తప్పు వస్తుందా!” అని సంబరపడిపోయాడు. ఆ రోజునుంచి ప్రతి రాత్రి పది మాటలు నిఘంటువులో చూసి కాపీ రాస్తున్నాను. బ్రౌన్ దొర నిఘంటువు. అన్నట్టు, 1852లో అది అచ్చయింది మదరాసులోనే! రెండేళ్ళలో ఆరు నోటుపుస్తకాలు నిండాయి. మధ్యలో ఒకసారి ‘అర్థం’, ‘అర్ధం’ దగ్గర మళ్ళీ బోల్తా పడ్డాను. ఈసారి తప్పు పట్టింది తొమ్మిదేళ్ళ పిల్ల.

గోదాయ్ కథ చివర్లో ఆ భర్త సమాధి దగ్గర నిలబడతాడు. ఆయనను మరిచిపొమ్మని ఆమెను అడగడు. ఆయన జ్ఞాపకంతో సహా ఆమెను స్వీకరిస్తానంటాడు. అది చదివాక నా తమిళాన్నీ, మా ఇంటి మాటలనూ దాచుకోవడం మానేశాను. పాఠంలో ‘ఉల్లిపాయ’ వచ్చింది. ఇదివరకైతే మా ‘ఎర్రగడ్డ’ మాట ఎత్తేదాన్ని కాదు. హైదరాబాదు చుట్టాలకు ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి గుర్తొచ్చి నవ్వుతారు. ఈసారి రెండూ రాశాను, పక్కన తమిళంవాళ్ళు ‘వెంగాయం’ అంటారని కూడా చెప్పాను.

మొన్న ఆదివారం ఆ గుంటూరాయన కొడుకు బోర్డు దగ్గరకొచ్చి, “టీచర్, ఉర్లగడ్డ అంటే ఏమిటో మిమ్మల్ని అడిగి రమ్మన్నాడు నాన్న. పక్కింటి అవ్వ అడిగితే ఎర్రగడ్డ అనుకుని ఉల్లిపాయలు తెచ్చిచ్చాడంట” అన్నాడు. చాక్‌పీసు వాడి చేతికే ఇచ్చాను. ‘ఉర్లగడ్డ అంటే బంగాళాదుంప’ అని నేను చెబుతుంటే వాడు రాశాడు. ‘ళ’ బదులు ‘ల’ పడింది. దిద్దుకునేదాకా పక్కన నిలబడ్డాను.